కథాసారం చెప్పడం విమర్శ కాదు

కథ మీద విమర్శ వ్యాసం అనగానే చాలామంది పట్టే బాట ఒకటే. రచయిత పుట్టుపూర్వోత్తరాలతో ఒక పేరా, రెండు పేజీల కథాసారం, ఆపైన వస్తువు, శిల్పం అని రెండు అరలు, చివర్లో "ఆలోచింపజేసే కథ" అని ఒక ముద్ర. కథ చదివినవాళ్ళకి ఇందులో కొత్తగా తెలిసేదేమీ లేదు. చదవనివాళ్ళకి కథ చదివే సుఖం కూడా పోతుంది.

వ్యాసానికి ముందు కావలసింది ఒక వాదం. అదే కథ చదివిన ఇంకొకరు "కాదే, నాకలా అనిపించలేదు" అనడానికి అందులో చోటుండాలి. 1910లో వచ్చిన గురజాడ "దిద్దుబాటు"నే తీసుకోండి. రాత్రుళ్ళు సానిపాటకి పోయే భర్త గోపాలరావుని, చదువుకున్న భార్య కమలిని దారిలో పెట్టే కథ అది. "ఇది స్త్రీ విద్య గొప్పతనం చెప్పే కథ" అంటే ఎవరూ కాదనరు. ఎవరూ కాదననప్పుడు నిరూపించడానికీ ఏమీ ఉండదు, మూడో వాక్యానికే కలం ఆగిపోతుంది. "గోపాలరావుని దిద్దింది కమలిని చదువు కాదు, ఆమె కనబడకపోవడం" అని చూడండి. వెంటనే పేచీ మొదలవుతుంది. ఆ పేచీయే వ్యాసం.

ఇలాంటి వాదం మొదటిసారి చదివినప్పుడు దొరకదు. మొదటిసారి ఊరికే చదవాలి, పెన్సిలు పట్టుకోకుండా. రెండోసారి చదివేటప్పటికి ముగింపు తెలుసు కాబట్టి, ఏ విషయం ఎవరికి ఎప్పుడు తెలిసిందో మార్జిన్‌లో రాసుకుంటూ పోవాలి. "దిద్దుబాటు"లో ఈ ఒక్క పని చేస్తే చాలు, కథ వేరేగా కనిపిస్తుంది. రాత్రి ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కనబడదు, పుట్టింటికి వెళ్ళిపోతున్నానని ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనబడుతుంది. ఆమె మంచం కిందే ఉందన్న సంగతి అతనికీ మనకీ ఒకేసారి, చిట్టచివర, నవ్వు వినబడ్డాకే తెలుస్తుంది. అంటే కథకుడు మనల్ని కూడా భర్త పక్కనే నిలబెట్టాడు. మొదటిసారి అమాయకంగా తోచిన నౌకరు రాముడి మాటలు, ముగింపు తెలిశాక అలాగే వినబడతాయా? మూడోసారి చదివేది మాత్రం సాక్ష్యం కోసం. మీ వాదానికి పనికొచ్చే చోట్లూ, అడ్డం తగిలే చోట్లూ రెండూ గుర్తు పెట్టుకోండి.

ఆ అడ్డం తగిలేవాటిని దాచేయడమే ఎక్కువమంది చేసే తప్పు. పై వాదానికి పెద్ద అడ్డు ఆ ఉత్తరమే. చదువు రాకపోతే కమలిని దాన్ని రాసేదా? వ్యాసంలో దీన్ని మీరే ఎత్తి, మీరే జవాబు చెప్పాలి. జవాబు దొరక్కపోతే వాదాన్నే మార్చుకోండి: "ఆమె చదువు పనిచేసింది, కానీ మనిషి ఎదురుగా లేనందువల్లే పనిచేసింది." ఇది మొదటిదానికన్నా గట్టి వాక్యం. అడ్డు తగలబట్టే వచ్చింది.

కొలతల సంగతి. వెయ్యి మాటల వ్యాసంలో కథాసారం వంద దాటకూడదు. సాక్ష్యాలు మూడు చాలు, బలమైనది చివర పెట్టండి. కథలోంచి వాక్యం ఎత్తి రాస్తే ఒకటి రెండు పంక్తులే, దాని వెంట కనీసం అంతకు రెట్టింపు వివరణ. ఉదాహరణ ఇచ్చేసి "ఇది ఎంతో హృద్యంగా ఉంది" అని తప్పుకోవడం వివరణ కాదు. ఆ మాటే ఎందుకు, ఆ చోటే ఎందుకు అన్నది చెప్పాలి. ఎత్తి రాసేటప్పుడు ఏ ప్రతి నుంచో కూడా చూసుకోవాలి. "దిద్దుబాటు"కి రెండు పాఠాలు, అంటే అచ్చయిన రెండు రూపాలు, ప్రచారంలో ఉన్నాయి, భాషలో తేడా ఉంది. ఒక పాఠం ముందు పెట్టుకుని గురజాడ వాడుక భాష గురించి తీర్పు చెబితే, రెండోది చదివినవాళ్ళు ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తారు.

పాత్ర అన్న మాటని రచయిత అభిప్రాయంగా రాయడం ఇంకో పొరపాటు. గోపాలరావు అనుకున్నది గోపాలరావుదే. "రచయిత ఉద్దేశం ఏమిటంటే" అన్నచోటల్లా "కథ ఇక్కడ చేస్తున్నదేమిటంటే" అని మార్చి చూడండి. వాక్యం నిలబడితే ఉంచండి, లేకపోతే ఆ సంగతికి కథలో ఆధారం లేనట్టే. (విశేషణాల సంగతి సరేసరి: చక్కని, అద్భుతమైన, గుండెని తడిమే. కొట్టేసి చదివితే వ్యాసానికి ఏ లోటూ రాదు.)

మొదటి పేరా చివర్న రాయండి. వాదం చిత్తుప్రతిలో ఎక్కడో నాలుగో పేజీలో తేలుతుంది. ఆ వాక్యాన్ని తెచ్చి మొదట్లో పెట్టి, దానికి ముందు రాసుకున్నదంతా అవసరమా కాదా అని మళ్ళీ చూసుకోండి. సాధారణంగా సగం పోతుంది, రచయిత పుట్టిన ఊరితో సహా.