నర్సమ్మ అడిగిన రెండు ప్రశ్నలు

"దగ్గితే మూత్రం పడుతోందా అమ్మా? గ్యాస్ ఆపుకోలేకపోతున్నావా?"

పాపకి ఆరో వారం టీకా వేయించడానికి వెళ్తే నర్సమ్మ మా చెల్లిని అడిగింది. అది నావైపు ఓసారి చూసి, "రెండూ ఉన్నాయండి" అంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రోజూ ప్యాడ్ పెట్టుకుని తిరుగుతోందట!

కాన్పులో చిరుగు మలద్వారం కండరం దాకా వెళ్లినా పైకి కనిపించకపోవచ్చు; గ్యాస్ ఆపుకోలేకపోవడం దానికో గుర్తు కావచ్చు. కుట్లు వేసేముందే వేలితో పరీక్షిస్తే చాలావరకు దొరికిపోతుంది. అప్పుడు తప్పిపోతే ఇదిగో, ఇలా ఎవరో అడగాలి. ఆశా కార్యకర్తలు 42వ రోజు దాకా ఇళ్లకి వస్తారు కదా, పనిలో పనిగా ఈ రెండు ముక్కలూ అడిగితే?

అమ్మేమో "కాన్పయ్యాక అందరికీ ఉండేదేలే" అంటోంది. తనకి ఇప్పటికీ దగ్గొస్తే గోడ పట్టుకుంటుంది, అది వేరే సంగతి.

సోమవారం చెల్లిని గైనకాలజిస్టుకి చూపిస్తున్నాం. అమ్మకి కూడా టోకెన్ తీసుకున్నా, ఇంకా చెప్పలేదు.