1823లో బళ్ళారి వీధిబడి

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరినీ బడుల లెక్కలు అడిగాడు. చాలాచోట్ల నుంచి వచ్చినవి పొడి లెక్కలే. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో పంపిన నివేదికలో చదువు సాగే తీరంతా రాశాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు మరి.

ఐదో ఏట అక్షరాభ్యాసం. వినాయకుడి ఎదుట పంతులు పిల్లవాడి వేలు పట్టి బియ్యంలో రాయించేవాడు. బడి పొద్దున ఆరింటికి. అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. సోమరులకు కోదండం (చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీయడం), గుంజీలు ఉండనే ఉన్నాయి.

ముందు ఇసుకలో వేలితో దిద్దడం, తర్వాత తాటాకు మీద గంటంతో, మసి పూసిన పలక మీద బలపంతో రాయడం. చిన్న తరగతులకు పెద్ద పిల్లలే చెప్పేవారు. లెక్కల్లో భిన్నాలదాకా వెళ్ళేవారు. పంతులు అక్కడా ఇక్కడా సేకరించిన ఉత్తరాలు ఇచ్చి రకరకాల చేతిరాతలు చదివించేవాడు, ఒడంబడికలు రాయించేవాడు. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే పాఠం ఇదే: ఊళ్ళో కాగితం చదవగలిగినవాణ్ణి మోసం చేయడం కష్టం.

పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే ఇలాంటి పద్ధతిని, మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అంతకుముందే అక్కడ వాడి, ఇంగ్లండుకు పట్టుకెళ్ళాడు. అక్కడ దాని పేరే మద్రాసు పద్ధతి.

లోపమూ ఉంది. పిల్లలు వందల పద్యాలు అప్పజెప్పేవారు గానీ అర్థం తెలియదు, చెప్పే పంతులుకే తెలియదు. వాడుక మాటకు, కావ్యభాషకు అంత దూరం.

9,27,857 మంది జనాభాకు 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మందే. తెలుగు బడులు 226, కన్నడం 235, ఇంగ్లీషు ఒక్కటి. పూర్వం బడి ఉన్న ఎన్నో ఊళ్ళలో ఇప్పుడు లేదని, దానికి పేదరికమే కారణమని కాంప్‌బెల్ తేల్చాడు. విలాయతీ బట్ట వచ్చి నేతగాళ్ళ పని పోయింది. చదువుకు పూర్వం ఇచ్చిన మాన్యాల ఆదాయం కూడా చదువుకు చేరడం లేదు. తన ప్రభుత్వాన్నే తప్పుపట్టిన ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

వీధిబడి పంతులుకు పిల్లలిచ్చే జీతాలన్నీ కలిపినా నెలకు ఆరేడు రూపాయలు దాటవని మన్రోకు తెలుసు. అయినా 1826లో అతను ప్రతిపాదించింది ఆ పంతులుకు సాయం కాదు, జిల్లాకూ తహసీలుకూ కొత్త బడులు, తహసీలు పంతులుకు తొమ్మిది రూపాయల జీతం. 1836లో వాటిని ఎత్తేశారు. సర్కారు డబ్బు అటు పోయిన ఆ పదేళ్ళూ వీధిబడి పంతులు పిల్లలిచ్చే జీతాల మీదే బడి నడిపాడు.