చిన్నవాడికి బదులు నేనుంటా

రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిల్లోని ఆదికాండము 44వ అధ్యాయం చదివే వంతు నాది. యూదా మాటల దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. తమ్ముడు యోసేపును అమ్మేద్దామని అన్నదమ్ములతో అన్నది ఇతనే, 20 వెండి తులాలకు అమ్మేశారు కూడా. ఇప్పుడేమో ఐగుప్తు అధిపతి దాసుడిగా ఉంచుకుంటానన్న చిన్న తమ్ముడు బెన్యామీనుకు బదులు నన్ను ఉంచుకోండని ఆయన్ని బతిమాలుతున్నాడు. పిల్లాడికి నాదీ పూచీ అని తండ్రికి మాటిచ్చాడు కాబట్టేనా? ఆ మాటా చెప్పాడు. కానీ ఆఖరున అడిగింది ఒక్కటే: పిల్లాడు లేకుండా మా నాన్న దగ్గరికి ఎలా వెళ్లను?

ఆ నాన్న యాకోబుకి, భార్య రాహేలు కొడుకులైన యోసేపు, బెన్యామీనులంటేనే ప్రాణం. ఇంకో భార్య లేయా కొడుకైన యూదాకి ఇది తెలియదా? తెలిసీ ఆ ముసలాయన దుఃఖం చూడలేనన్నాడు. కొడుకులు ఏరునీ, ఓనానునీ పోగొట్టుకున్న తండ్రి కదా తనూ! దావీదు రాజు తన కొడుకు అబ్షాలోముకు బదులు నేను పోయినా బాగుండేదని ఏడ్చింది అతను చనిపోయాక. యూదా ఇంకా సమయం ఉండగానే ముందుకొచ్చాడు.