రంగుల పెట్టె కోసం అడ్డరోడ్డు దాకా

పద్దెనిమిది వందల యాభై రూపాయలు! పన్నెండు రంగు బిళ్ళలు, ఒక కుంచె. పెట్టె మీద ఆకు బొమ్మ, చేత్తో చేశామనీ ప్రకృతికి హాని లేదనీ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. దాని మీద ప్లాస్టిక్ కవరు, లోపల ఒక్కో బిళ్ళకి మళ్ళీ ఒక్కో కవరు. విశాఖ బీచ్ రోడ్డు దగ్గర ఒక గిఫ్టు షాపులో ఆ పెట్టెని రెండుసార్లు చేతిలోకి తీసుకుని, రెండుసార్లూ పెట్టేశాను.

సంక్రాంతికి విజయవాడ నుంచి అక్కా వాళ్ళింటికి వచ్చాను. పిల్లలిద్దరూ ఫోన్లో ముందే చెప్పేశారు. "పిన్నీ, ఈసారి బట్టలొద్దు, రంగులు తే. కెమికల్స్ లేనివి." చిన్నదానికి కుంచె నోట్లో పెట్టుకునే అలవాటు, అందుకని అక్క కూడా అదే మాట. కైలాసగిరి, రుషికొండ అన్నీ తిరిగాం, జనం తప్ప చెప్పడానికేమీ లేదు. నా బుర్రంతా ఆ పెట్టె మీదే ఉంది.

"సహజ రంగులంటే ఏటికొప్పాక వెళ్ళాలి గానీ షాపులేమిటి?" అన్నాడు బావ. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఆ ఊరి బొమ్మలే. బావ అన్నాడు కానీ రాలేదు. ఆయనకి క్రికెట్ మ్యాచ్ ఉంది.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. ఆడవాళ్ళకి జీరో టికెట్టు కదా, పండగ ముందు ఇక చెప్పేదేముంది. గాజువాక దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. అనకాపల్లిలో సీటు దొరికింది. పక్కనే ఒకావిడ ఒళ్ళో బెల్లం మూట. నల్లగా ఉంది. మాకు పచ్చగా మెరిసే బెల్లం అలవాటు, అదే అన్నాను. "మెరుపుకి మందేస్తారమ్మా. ఇది మా ఇంటికి ఉంచుకున్నది" అని చిన్న ముక్క విరిచి ఇచ్చింది. నేను రంగుల కోసం వెళ్తున్నానని చెబితే ఆవిడ నవ్వింది, ఎందుకో అర్థం కాలేదు. యలమంచిలి దాటేదాకా ఆ బెల్లం రుచి నోట్లోనే ఉంది.

అడ్డరోడ్డులో దిగితే ఆటో నూట యాభై. వంద కిలోమీటర్లైనా లేని బస్సు ప్రయాణం ఉచితం, నాలుగడుగుల ఆటోకి నూట యాభై! బేరమాడి నూట ఇరవై ఇచ్చాను.

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. ఒక ఇంటి ముందు పెద్దాయన లేతు మీద, అంటే కర్రని గిరగిరా తిప్పే యంత్రం మీద, బొంగరం చేస్తున్నాడు. కర్ర అంకుడు, తెల్లగా, మెత్తగా ఉంది. నేను కుంచె, రంగు గిన్నెలు కనిపిస్తాయనుకుని చుట్టూ చూశాను. ఏవీ లేవు. ఆయన చేతిలో సుద్దముక్కంత పసుపు రంగు కడ్డీ ఒకటి ఉంది. దాన్ని తిరిగే కర్రకి ఆనించాడు. రాపిడికి వేడి పుట్టి, కడ్డీ కరిగి, కర్ర చుట్టూ పసుపు పట్టీ పడింది. తర్వాత మొగలి ఆకుతో అదిమాడు, అద్దంలా మెరిసింది. మా కొండపల్లిలో పొనికి కర్రతో బొమ్మ చేశాక కుంచెతో రంగు వేస్తారు. ఇక్కడ కుంచె పనే లేదు.

ఆ కడ్డీ లక్క. లక్కపురుగు వదిలే జిగురుని వేడి చేసి, సాగదీస్తూ మడుస్తూ రంగు పొడి కలుపుతారు. పసుపుకి పసుపు, నారింజకి జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు. మధ్యలో అందరూ కెమికల్ రంగుల్లోకి వెళ్ళిపోతే మళ్ళీ ఈ దారి పట్టించినవారు ఈ ఊరి సి.వి. రాజు గారు, 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అన్న గుర్తింపు, 2017లో.

నా మొహం వెలిగిపోయింది. "ఈ కడ్డీలు ఒక డజను ఇస్తారా? పిల్లలు బొమ్మలేసుకుంటారు."

పెద్దాయన లేతు ఆపేశాడు. "కాయితానికి ఏటి అంటుకుంటాదమ్మా? తిరగాల, ఏడెక్కాల, అప్పుడే పడతాది."

అయినా నమ్మక నా టికెట్టు వెనక రుద్ది చూశాను. గీత పడలేదు, టికెట్టు చిరిగింది. బెల్లం ఆవిడ నవ్వు గుర్తొచ్చింది.

చివరికి లక్కపిడతల సెట్టు ఒకటి, రెండు బొంగరాలు కొన్నాను. అవి తీసుకుని అడ్డరోడ్డులో బస్సు కోసం ఒక చింతచెట్టు కింద గంట నిలబడ్డాను. శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్ళు కాల్చిన చింతపుల్లతో బట్ట మీద గీతలు గీయడం చూశాను ఒకసారి. కింద ఎండుపుల్లలు బోలెడు. కండక్టరు నన్నూ, నా సంచిలోని పుల్లల్నీ మార్చి మార్చి చూశాడు.

భోగి రోజు తెల్లవారుజామున పుల్లల్ని పాలపొడి డబ్బాలో పేర్చి, మూతకి మేకుతో చిల్లు పొడిచి, మంట అంచున పెట్టాం. గాలి తగిలితే బూడిదే, అందుకే మూత. చిల్లులోంచి పొగ ఆగాక తీసి, చల్లారాక తెరిచాం. సగం విరిగాయి, సగం నల్లటి బొగ్గు పెన్సిళ్ళు. లక్కపిడతల్లో మా అమ్మ ముగ్గులకి పెట్టుకున్నట్టే పసుపు, కుంకుమ, ఇటుక పొడి పోశాను. ఒకదాంట్లో పసుపుకి చిటికెడు సున్నం కలిపితే పారాణి ఎరుపు వచ్చింది. సున్నం ఉంది, నోట్లో పెట్టుకోవద్దని చిన్నదానికి మూడుసార్లు చెప్పాను.

కాగితాలు పది నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత హాలు గోడ మీద కిటికీ ఎత్తు దాకా పెద్ద బొగ్గు ఏనుగు నిలబడింది. ఇల్లు అద్దెది. ఓనరు పండక్కి పలాస వెళ్ళాడు, కనుమ మర్నాడు వస్తాడట.