డబ్బు అడిగితే అది ఏఏ మీటింగ్ కాదు

మందు మానాలనుకుని ఫోన్‌లో "ఆల్కహాలిక్స్ అనానిమస్" అని కొడితే, ముందుగా కనబడేవి తరచూ ప్రైవేటు డీఎడిక్షన్ సెంటర్ల ప్రకటనలే. ఫోన్ ఎత్తగానే "పేషెంట్ ఎక్కడున్నారు, బండి పంపిస్తాం, నెలకు ఇంత" అన్నారంటే అది ఏఏ కాదు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే మీటింగులు. ఏఏలో ఫీజు ఉండదు, అడ్మిషన్ ఉండదు, మంచాలుండవు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుడుకు బానిసలైనవాళ్లు ఒకరికొకరు తోడై మొదలుపెట్టారు. ఇవాళ్టికీ గ్రూపుల్ని నడిపేది తాగుడు మానినవాళ్లే. మానాలన్న కోరిక ఉంటే చాలు, చేరినట్టే. సెంటర్లన్నీ మోసమని అనడం లేదు, చేరి వైద్యం చేయించుకోవాల్సినవాళ్లూ ఉంటారు. అలాంటప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి. నీళ్లు నమిలితే అక్కడ చేర్పించకండి.

మీటింగుల వివరాలకు ఏఏ ఇండియా వెబ్‌సైట్ చూడండి, హెల్ప్‌లైన్ నంబర్లూ దొరుకుతాయి. అయితే జాబితా చూసి నేరుగా బయల్దేరొద్దు. గది మారుతుంది, టైము మారుతుంది, చిన్న ఊళ్లలో గ్రూపే ఆగిపోతుంది. ముందు ఫోన్ చేసి ఈ వారం మీటింగ్ ఉందా, తెలుగులో మాట్లాడతారా, ఓపెనా క్లోజ్డా, ఏ గేటు నుంచి రావాలి అని అడగండి. క్లోజ్డ్ మీటింగ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. భార్యో అన్నో తోడు వస్తానంటే ఓపెన్ మీటింగ్ చూసుకోవాలి. చిరునామా చాలాసార్లు చర్చి ఆవరణలోనో స్కూల్లోనో వెనక గది, బయట పెద్ద బోర్డేమీ కనబడదు. చర్చి అనగానే మతం మారుస్తారేమోనని జంకేవాళ్లున్నారు. ఆ గది చోటు కోసమే, ఏఏకి ఏ మతంతోనూ సంబంధం లేదు. దేవుడి మాట వస్తుంది గానీ ఏ దేవుడన్నది ఎవరి ఇష్టం వాళ్లది.

అసలు ప్రమాదం వేరే ఉంది. రోజూ తాగే మనిషి "మీటింగ్‌కి మందు వాసనతో ఎలా పోతాం" అని ఒక్కసారిగా ఆపేస్తాడు. ఏళ్ల తరబడి మందు మెదడును అణిచిపెడుతుంటే, తట్టుకోవడానికి మెదడు ఎప్పుడూ ఎదురు తోస్తూ ఉంటుంది. మందు తీసేస్తే ఆ తోపు ఒక్కటే మిగులుతుంది. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు, వాంతులు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య జ్వరం, లేనివి కనబడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున లేవగానే వణుకు ఆగడానికి క్వార్టర్ అవసరమయ్యేవాళ్లు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లు ముందు ఆసుపత్రికే పోవాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలే కాదు, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. కొన్ని రోజులు మందుబిళ్లలు తగ్గిస్తూ ఇస్తారు, బీ1 విటమిన్ ఇస్తారు. ఒంట్లో బీ1 లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, అందుకే "నీరసంగా ఉంది, బాటిల్ పెట్టండి" అని వీధి చివర క్లినిక్కుకు పోవద్దు. తెలంగాణలో కల్తీ కల్లు తాగేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. అందులో ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన సందర్భాలున్నాయి, అవి ఒక్కసారిగా మానినా ఫిట్స్ రావచ్చు.

తాగి ఉన్నా మీటింగ్‌కి వెళ్లొచ్చు. గొడవ చేయకపోతే మామూలుగా కూర్చోనిస్తారు, ఆ పూట మాట్లాడొద్దంటారు, అంతే.

లోపల గంట, గంటన్నర. మొదట చిన్న ప్రార్థన, కొంత చదవడం, తర్వాత ఒక్కొక్కరు "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని తమ సంగతి చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు. మీ వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటాను" అంటే బలవంతపెట్టరు. చివర్లో సంచి తిరుగుతుంది. గది అద్దెకూ టీకీ సభ్యులు వేసుకునే డబ్బు అది, కొత్తవాళ్లు వేయక్కర్లేదు.

అయిపోగానే చెప్పులేసుకుని పారిపోకండి. నన్నడిగితే మీటింగ్ కన్నా ఆ తర్వాతి టీ పది నిమిషాలే ముఖ్యం. రెండు మూడు ఫోన్ నంబర్లు అక్కడే తీసుకోవాలి, రాత్రి తొమ్మిదికి బెల్ట్ షాపు గుర్తొచ్చినప్పుడు పనికొచ్చేవి అవే. స్పాన్సర్‌ను, అంటే దారి చూపే పాత సభ్యుణ్ణి, మాత్రం మొదటిరోజే పట్టేయక్కర్లేదు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. పెద్దాయన ఒక్కడే అరగంట మాట్లాడే గ్రూపులు కూడా ఉంటాయి మరి. దగ్గర్లో ఏదీ లేకపోతే జూమ్ మీటింగులున్నాయి, కెమెరా ఆపుకుని వినొచ్చు. అమెరికాలో డీయూఐ (తాగి బండి నడిపిన) కేసులో కోర్టు పంపిన మనవాళ్లు హాజరు కాగితం మీద సంతకం పెడతారా అని ముందే కనుక్కోవాలి, అన్ని గ్రూపులూ పెట్టవు.

ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, అతను మానకపోయినా వెళ్లొచ్చు. కూరలోనో టీలోనో చెప్పకుండా డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి ఇచ్చే బిళ్ల) కలపడం మాత్రం వద్దు. తెలియక దాని మీద తాగితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. మత్తు విడిపించడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446.