నన్ను దింపేసిన చప్పట్లు

తొమ్మిదో తరగతిలో ఉండగా వార్షికోత్సవంలో వక్తృత్వ పోటీకి పేరిచ్చాను. నడుమ ఒక వాక్యం మరచిపోయి, చెప్పిందే మళ్లీ చెప్పసాగేసరికి వెనుక వరుసల నుండి చప్పట్లు మొదలయ్యాయి. మెచ్చుకుంటున్నారనుకొని గొంతు పెంచాను, చప్పట్లూ పెరిగాయి. అవి దిగిపొమ్మనే చప్పట్లని నాకు తెలిసేసరికి హెడ్‌మాస్టారు వచ్చి మైకు అందుకున్నారు.

మరునాడు ఇంగ్లీషు మాస్టారు ఆ సంగతి ఎత్తకుండానే నల్లబల్ల మీద ‘ఎక్స్‌ప్లోడ్’ అని రాసి అర్థమడిగారు. పేలడమని అందరం అరిచాం. లాటిన్‌లో ‘ప్లౌదెరె’ అంటే చప్పట్లు కొట్టడమనీ, దానికి ముందు ‘బయటికి’ అనే అర్థమిచ్చే ‘ఎక్స్’ చేరితే, నచ్చని నటుణ్ణి చప్పట్లతో, కేకలతో రంగస్థలం మీది నుండి వెళ్లగొట్టడమనీ, 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ఈ మాటకు తిరస్కారపు రొదతో తరిమివేయడమనే అర్థాన్నే ముందు చెప్పిందనీ ఆయన వివరించారు. “బాంబులు తరవాత వచ్చాయిరా, ముందు వచ్చింది మీరే!” అని వెనుక బెంచీల వైపు చూశారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ గంటంతా చప్పట్ల మీదే గడిచింది. రోమన్ హాస్యనాటకం ముగిశాక నటులు ‘ప్లౌదితె’, అంటే చప్పట్లు కొట్టండి, అని నోరు తెరిచి అడిగేవారట. ఆ మాటే అరిగి ఇంగ్లీషులో ‘ప్లాడిట్’ అయింది. నీరో చక్రవర్తి తన పాటకు చప్పట్లు కొట్టడానికి ఐదువేల మందికి పైగా యువకులకు తర్ఫీదు ఇప్పించాడు. వాటిలో తేనెటీగల రొద పేరుతో ఒక రకం, ఇంటిపెంకుల పేరుతో మరొకటి ఉండేవి. కిరాయి చప్పట్ల ముఠాకు ఫ్రెంచి నుండి వచ్చిన పేరు ‘క్లాక్’. మన భజనపరులకు ఇంత పొట్టి పేరు లేకపోవడం లోటే.

మాకు బాగా నచ్చింది మాత్రం ‘కెంటిష్ ఫైర్’. 1828–29లో కాథలిక్కులకు రాజకీయ హక్కులు ఇవ్వరాదంటూ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో జరిగిన సభల్లో జనమంతా ఒకే లయలో విడవకుండా కొట్టిన చప్పట్లకు ఆ పేరు వచ్చింది. ఉద్దేశం మెచ్చదగినది కాకపోయినా మోత ఎలా ఉంటుందో చూడాలనిపించి అందరం మొదలుపెట్టాం. పక్క తరగతి లెక్కల మాస్టారు సుద్దముక్కతోనే పరుగెత్తుకొచ్చారు.

మరుసటి ఏడు మళ్లీ వేదిక ఎక్కి, మూడు నిమిషాల్లో ముగించాను. వచ్చిన చప్పట్లు ఏ రకమో తేల్చుకోలేక ముందు వరుసలోకి చూస్తే, మాస్టారు రెండు వేళ్లతో ఎడమ అరచేతిని వినీ వినపడకుండా తడుతున్నారు. దానిని ‘గోల్ఫ్ క్లాప్’ అంటారని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.