హనుమ మొదట ఎందుకు పొరబడ్డాడు?

సుందరకాండలో సీత ఎలా ఉంటుందో చూడాలంటే నేరుగా అశోకవనానికి పోకూడదు. ముందు రావణుడి అంతఃపురంలో హనుమ పొరబడిన చోట ఆగాలి. 10వ సర్గ (అధ్యాయం) చివర రావణుడి భార్య మండోదరి కనిపిస్తుంది. బంగారు వన్నె, ముత్యాలు, మణులు, విడిగా వేసిన పాన్పు. ఈమే సీత అనుకుంటాడు. ఎందుకనుకున్నాడో వాల్మీకి ఒక్క మాటలో చెప్పేశాడు: ‘రూపయౌవనసంపదా’. అందం, వయసు చూసి! ఇక సంతోషం పట్టలేక భుజాలు చరుచుకుని, తోక ముద్దాడి, స్తంభాలెక్కి కిందికి దూకుతాడు. పారాయణంలో ఇక్కడ నవ్వుకుని దాటిపోతాం గానీ, నాయిక వర్ణనకు కీలకం ఇక్కడే ఉంది.

11వ సర్గ మొదట్లోనే హనుమ దిద్దుకుంటాడు. రాముడికి దూరమైన ఆమె నిద్రపోదు, తినదు, అలంకరించుకోదు, పానం ముట్టదు. ఈ నాలుగింటిలో ఒంటి పోలిక ఒక్కటీ లేదు. అన్నీ నడవడికే.

అసలు సీత 15వ సర్గలో కనిపిస్తుంది. ఉపవాసాలతో చిక్కి, నిట్టూరుస్తూ, శుక్లపక్షం మొదట్లో చంద్రరేఖలా, పొగ కమ్మిన మంటలా ఉంది. ‘పూర్ణచంద్రానన’ లాంటి అలవాటైన మాటలు ఇక్కడా ఉన్నాయి, లేవని బుకాయించక్కర్లేదు. కాకపోతే హనుమ గుర్తుపట్టింది వాటితో కాదు, బట్టతో, నగలతో. ఆమె ఒంటిమీద ఉన్నది ఒకే ఒక్క పసుపుపచ్చ వస్త్రం, నలిగిపోయింది. రావణుడు ఎత్తుకుపోతుండగా జారి చెట్టుకు చిక్కుకున్న ఉత్తరీయాన్ని వానరులు చూశారు కదా, దానితో దీన్ని పోలుస్తాడు. చాలాకాలంగా కట్టుకున్నందువల్ల మాసింది గానీ రంగు అదే, కళ అదే అంటాడు. దీనికి ముందే నగలు చూస్తాడు. రాముడు చెప్పినవాటిలో ఋశ్యమూక పర్వతం మీద పడినవి ఇక్కడ లేవు, పడనివి ఇక్కడే ఉన్నాయి. చేతి నగలైతే ఎంతోకాలం పెట్టుకుని ఉండటంతో నల్లబడ్డాయట. ఈ నగలు ఎక్కడున్నాయన్న దగ్గర పాఠభేదం ఉంది, అంటే ప్రతుల్లో మాట వేరువేరుగా ఉంది. ‘గాత్రశోభీని’ అంటే ఒంటిమీద, ‘శాఖాశోభీని’ అంటే కొమ్మలకు వేలాడుతూ. అదే సర్గలో ఆమెను ‘అనలంకారామ్’ (అలంకారం లేనిది) అన్నాడు కాబట్టి రెండోదే పొసగుతుందని నాకనిపిస్తుంది.

ఇక ఉపమానాలు. మొదట తామరలు లేని కొలనులాంటి, కంటికి కనిపించేవి. తర్వాత ఒక్కసారిగా రూపం లేనివాటికి దూకుతాడు:

తాం స్మృతీమివ సందిగ్ధాం ఋద్ధిం నిపతితామివ
విహతామివ చ శ్రద్ధాం ఆశాం ప్రతిహతామివ

సందేహంలో పడ్డ స్మృతి, పడిపోయిన సంపద, దెబ్బతిన్న శ్రద్ధ, అడ్డుతగిలిన ఆశ. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, అందులో పాదానికి 8 అక్షరాలే. ఒక్కో పాదంలో ఒక పోలిక ఇమిడిపోయింది, నాలుగింటిలోనూ ‘ఇవ’ (లాగా) ఉంది. బిగ్గరగా చదివితే ఊపిరి ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. అనువాదాల్లో దీన్ని ఒకే పొడుగాటి వాక్యంగా సాగదీయడంతో ఆ దెబ్బమీద దెబ్బ పోతుంది. ‘దుఃఖంతో కృశించి’ అని తేల్చేస్తే మరీ అన్యాయం.

ఇంకో రెండు పోలికలు హనుమకే తగినవి. ఒకటి, వల్లె వేయక పట్టు సడలిన విద్య. రెండోది, సంస్కారం (వ్యాకరణ శుద్ధి) లేక వేరే అర్థానికి పోయిన వాక్కు. కిష్కింధకాండలో ఒక్క అపశబ్దం పలకలేదని రాముడు మెచ్చుకున్న వ్యాకరణవేత్త కదా చూస్తున్నది! ఆయన కంటికి సీత తప్పుగా అర్థమయ్యే మాటలా కనిపించడం సహజం. అందుకే కష్టం మీద గుర్తుపట్టాడు, ‘దుఃఖేన బుబుధే’.

ఆ వరసలోనే ఉంది ‘అభూతేనాపవాదేన కీర్తిం నిపతితామివ’, అంటే లేనిపోని నింద వల్ల పడిపోయిన కీర్తిలా ఉందని. రాముడు ఆమెను శంకించి పరుషంగా మాట్లాడేది యుద్ధకాండ చివర్లో. ఇక్కడ ఇంకా ఎవరూ ఏ నిందా వేయలేదు.